అచ్చు నాది, తుపాకి దానిది

మా చెల్లెలు రొక్సీ పేల్చిన తూటాలు కాగితం మీద అడ్డంగా పడుతున్నాయి. గుండ్రంగా చిల్లు పడాల్సిన చోట కాగితం తాళం కప్ప కంతలాగా చీలుతోంది. అంటే తూటా తిన్నగా పోవడం లేదు, గాలిలో పల్టీలు కొడుతోంది. ఆదివారాలు ఊరి బయట కంకర గుంటలో చేరి గురి చూసుకునే మా గుంపులో అంతకు మించిన నామర్దా లేదు. అది ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దాచుకుంటుంటే నేను ఫ్లాస్కులోంచి కాఫీ పోసుకున్నాను. కాఫీ చల్లారిపోయింది గానీ చాలా రుచిగా ఉంది.

నన్ను తిట్టుకునే ముందు సంగతి వినండి. ఆ తుపాకి మా నాన్న ఆర్వల్‌ది. కింద లీవరు తోసి లాగితే తూటా పైకెక్కే పాతకాలపు తుపాకి. మా తాత గోధుమలు బాగా పండిన ఏడాది కొన్నాడు. దాని చెక్క మీద నల్లగా నిగనిగలాడే చోటు ముందు తాతది, తరవాత నాన్నది, వాళ్ళ చెంపలు ఆని ఆని అలా అయింది. నా చెంప కూడా అక్కడ ఆనుతుందని చిన్నప్పటి నుంచీ అనుకుంటూనే పెరిగాను. నాన్న ఆస్పత్రి మంచం మీద మా ఇద్దరినీ పక్కన కూచోబెట్టుకుని, "తుపాకి రొక్సీకి. అచ్చు వెండెల్‌కి" అన్నాడు. వెండెల్ నేను. ఎందుకని మేం అడగలేదు, ఆయన చెప్పలేదు.

అచ్చంటే సీసం కరిగించి తూటాలు పోసుకునేది. చెక్క పిడులున్న పటకారు లాంటి ఇనప వస్తువు, మూస్తే గుప్పిట్లో పడుతుంది. ఒకరికి గుర్రాన్నిచ్చి ఇంకొకరి చేతిలో కళ్ళెం పెట్టినట్టు చేశాడు మా నాన్న. గ్యారేజీలో ఆయన పక్కన కూచుని, సీసం పొగకి కళ్ళు మండించుకుంటూ, టైర్లకి కొట్టే సీసపు బిళ్ళలు ఏరి ఏరి కుండలో వేసింది నేను. రొక్సీ ఏం చేసింది? చివరి ఏళ్ళల్లో ఆయనతో జింకల వేటకి వెళ్ళింది. అది స్కూలు బస్సు నడుపుతుంది, ఉదయం ఒక తిప్పు, సాయంత్రం ఒక తిప్పు. మధ్యలో అంతా ఖాళీయే. నేను ధాన్యం నిలవచేసి రైళ్ళకెక్కించే ఎలివేటర్ గోదాములో పనిచేస్తాను. వేట కాలమంతా నాకు గోధుమ రైళ్ళు నింపడంతోనే సరిపోతుంది. ఖాళీగా ఉన్నవాళ్ళకే తుపాకులిస్తారన్న మాట.

అంత్యక్రియలయిన వారంలోనే రొక్సీ మా ఇంటికొచ్చింది.

"వెండెల్, ఆ అచ్చు కొన్నాళ్ళు ఇస్తావా? ఓ బకెట్ తూటాలు పోసుకుని తెచ్చిచ్చేస్తాను."

"అది నాన్న నాకిచ్చాడు," అన్నాను.

అది నా మొహం వంక కాసేపు చూసి, "సరే" అంది. మా ఇంట్లో ఎవరూ ఒక వస్తువుని రెండోసారి అడగరు. మా వంశానికి అదొక జబ్బు. మళ్ళీ అడిగితే ఇచ్చేవాడినేమో. అడగలేదు కాబట్టి ఆ సంగతి తేలలేదు.

అప్పటి నుంచి అచ్చులు కొనడం మొదలుపెట్టింది. మా లీవర్ తుపాకుల్లో తూటాలు బారెల్ కింద ఉండే గొట్టంలో వరసగా పడుకుంటాయి, ఒకదాని ముక్కు ముందున్నదాని వెనక భాగానికి ఆనుకుని. ముక్కు మొనదేలి ఉంటే కుదుపుకి లోపలే పేలిపోయే ప్రమాదం ఉంది. అందుకని అచ్చు కొనేటప్పుడు ఎవరైనా ముందు ముక్కే చూస్తారు, చదునుగా ఉందా లేదా అని. రొక్సీ కూడా అదే చూసింది. నాన్న వేట కోటు జేబులో ఆయన పోసిన తూటా ఒక్కటి, మందు కూరి సిద్ధం చేసింది, మిగిలిపోయింది. దాన్ని పట్టుకుని అదే ముక్కున్న అచ్చు కోసం కొట్లన్నీ తిరిగింది. కానీ తూటా నడుము ఇత్తడి తొడుగులో దాక్కుని ఉంటుంది, బయటికి కనిపించేది ముక్కే. తొడుగు ఊడబీకి చూడమంటే, అది నాన్న చేతి చివరి తూటా అని దానికి ప్రాణం ఒప్పదు.

తిరకాసంతా ఆ నడుములోనే ఉంది. ఆ సంగతి బతికున్నవాళ్ళలో నా ఒక్కడికే తెలుసు.

తాతా నాన్నా పేల్చీ పేల్చీ ఆ బారెల్ లోపల అరిగిపోయింది. కొట్లో దొరికే అచ్చులు పుస్తకంలో రాసిన కొలతకే పోస్తాయి. ఆ కొలత తూటా ఆ బారెల్లో, తండ్రి బూట్లు తొడుక్కున్న పిల్లవాడి కాలులా ఆడుతుంది. అందుకే నాన్న ఓ చలికాలం తన అచ్చుని సానపొడి వేసి లోపల అరగదీశాడు. తూటా నడుము వెంట్రుకంత లావెక్కేదాకా తిప్పుతూ, కొలుస్తూ, మళ్ళీ తిప్పుతూ కూచున్నాడు. లైటు పట్టుకున్నది నేను. ఆ లావు తూటా నేను కొనుక్కున్న కొత్త తుపాకిలోకి అసలు దూరనే దూరదు, నొక్కి సన్నబరిస్తే జబ్బు కోడిలా తూలుతూ పోతుంది. అంటే ఆ అచ్చు ప్రపంచంలో ఒక్క తుపాకికే పనికొస్తుంది. ఆ తుపాకి మా చెల్లెలి బీరువాలో ఉంది.

కంకర గుంటలో అందరూ దానికి సలహాలిచ్చారు. మా గుంపుకి పెద్ద డెల్బర్ట్. పళ్ళ మధ్య అగ్గిపుల్ల లేకుండా మాట్లాడడు.

"సీసం మెత్తగా ఉందమ్మాయ్. కాస్త తగరం కలుపు," అన్నాడు.

కలిపింది. మందు తగ్గించమంటే తగ్గించింది. తూటాకి పూసే తేనెమైనంలో కొవ్వు ఎక్కువైందని ఇంకొకాయన అంటే అదీ మార్చింది. కాగితం మీద మాత్రం మళ్ళీ ఆ కంతలే. నేను నోరు విప్పలేదు. అడిగితే కదా చెప్పడానికి.

అసూయ అంటారా? అనండి. అది ఆ తుపాకిని భుజానికి ఆనించుకున్నప్పుడల్లా నాకు కడుపులో మండేది. దాని చెంప ఆ నల్ల మచ్చ మీద సరిగ్గా కూచునేది. ఒక్క కొలత చెబితే అది ఆ తుపాకిని నాన్నలాగే పేలుస్తుందని తెలిసి, చెప్పకుండా ఉండడంలో నాకు సుఖం ఉండేది. పైగా నాకో లెక్క ఉంది. అచ్చుల మీద అచ్చులు కొని, విసిగిపోయి, ఒకరోజు అదే వచ్చి తుపాకి నా చేతిలో పెడుతుంది.

"ఆడని తుపాకి ఎందుకే నీకు? నా కొత్తది తీసుకో. అది నాకివ్వు. అచ్చూ తుపాకీ ఒకచోట ఉంటాయి," అన్నాను ఒకసారి.

మొదట "కుదరదు" అంది. ఎండాకాలం మధ్యలో అడిగితే "చూద్దాం" అంది. ఆ చూద్దాంతోనే నేను ఇంటికొచ్చి, ముందు గదిలో గోడకి రెండు జింక కొమ్ములు బిగించాను, తుపాకి పొడవు చూసుకుని మరీ.

"ఇవెందుకు?" అంది మా ఆవిడ మార్లిస్.

"టోపీలకి."

"ఉన్నది ఒక్క టోపీ," అంది.

గోధుమ కోతలు ముగిసిన వారం, ఆదివారం మధ్యాహ్నం రొక్సీ వచ్చింది. మార్లిస్ జూన్‌బెర్రీ పళ్ళు కూరి తీపి రొట్టె కాల్చింది. వంటింటి బల్ల దగ్గర కూచున్నాం. దాని కళ్ళ కింద నల్లగా ఉంది.

"ఇంక నా వల్ల కాదు వెండెల్," అంది. "సీసం కుండ ముందు కూచుని కూచుని నా ఒళ్ళంతా అదే కంపు. పిల్లలు బస్సెక్కుతూనే ముక్కు మూసుకుంటున్నారు. నేను ఒకటి అనుకుని వచ్చాను."

కంగారు పైకి కనబడనీయకుండా దాని ప్లేటులో ఇంకో ముక్క వేశాను.

రొక్సీ దాన్ని ఫోర్కుతో కెలుకుతూ, అసలు మాటకి రాకుండా నాన్న దగ్గరికి వెళ్ళింది. "ఆఖరిసారి వేటకి వెళ్ళినప్పుడు మంచు పడుతోంది. కొండ మీద రాయి చాటున కూచున్నాం. జింక రాలేదు. ఆయన పొద్దున్నుంచీ మాట్లాడుతూనే ఉన్నాడు. నాన్న అంత మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. అమ్మ సంగతి, తాత సంగతి. ఈ తుపాకి సంగతైతే మొదటి నుంచీ చెప్పాడు. దీని గురించి ఆయన నాకు చెప్పని విషయం లేదు. అయినా నా చేతిలో ఇది పేలడం లేదంటే తప్పు నాలోనే ఉందేమో."

మా నాన్న నాతో రోజుకి పది మాటలు మాట్లాడితే గొప్ప. గ్యారేజీలో నా పక్కన కూచుని, "పట్టుకో", "తిప్పు", "చాలు" అనేవాడు. దానితో మంచులో రోజంతా మాట్లాడాడట. అమ్మ సంగతి మాట్లాడాడట. నాకు ఒళ్ళు మండిపోయింది.

"అన్నీ చెప్పాడా?" అన్నాను.

"అన్నీ."

"అయితే బారెల్ అరిగిపోయిందని చెప్పాడా? ఆ అచ్చుని సానపొడితో అరగదీసి తూటా నడుము లావు చేశాడని చెప్పాడా? ముక్కు పట్టుకుని ఊళ్ళన్నీ తిరుగుతున్నావే, చూడాల్సింది నడుమని చెప్పాడా? చెప్పడు. ఎందుకంటే అది నాతో చేసిన పని. లైటు పట్టుకున్నది నేను. నువ్వక్కడ లేవు."

గిన్నెలు కడుగుతున్న మార్లిస్ కుళాయి కట్టేసింది. అప్పుడు వినబడ్డాయి నా మాటలు నాకే.

రొక్సీ ఫోర్కు కింద పెట్టింది. దానికి కోపం రాలేదు. వస్తే బాగుండేది.

"ఎంత లావు?" అంది.

"అది మాత్రం చెప్పను."

"అక్కర్లేదులే. కొలుచుకుంటాను." లేచి జాకెట్ వేసుకుంది. "రొట్టె బాగుంది మార్లిస్."

"ఏదో అనుకుని వచ్చానన్నావు?" అన్నాను వెనకాలే వెళ్ళి.

"ఏం లేదులే," అని ట్రక్కు ఎక్కింది.

తరవాత జరిగింది డెల్బర్ట్ చెబితే తెలిసింది. ఇంటికెళ్ళి చేపల గాలానికి కట్టే మెత్తటి సీసపు గుండు తీసుకుందట. బారెల్ లోపల నూనె రాసి, చెక్క పుల్లతో ఆ గుండుని ఈ కొస నుంచి ఆ కొసకి కొట్టుకుంటూ పోయిందట. బారెల్ లోపలి లావుకి సరిగ్గా అణిగి బయటికొచ్చిన గుండుని, డెల్బర్ట్ దగ్గర్నుంచి వెంట్రుక మందం కొలిచే మైక్రోమీటర్ తెచ్చుకుని కొలిచింది. అడిగిన కొలతకి అచ్చు చెక్కి పంపే ఆయన ఒకడున్నాడు, ఆయనకి కబురు చేసింది. ముక్కు నాన్నది, నడుము ఆ బారెల్‌ది.

ఇన్నాళ్ళూ దానికి అంత తేలిక పని ఎవరూ ఎందుకు చెప్పలేదంటారా? మా గుంపులో ఆర్వల్ తుపాకిని అనుమానించే ధైర్యం ఎవరికీ లేదు. ఏటా గెలిచిన తుపాకి. తప్పు సీసానిదో మందుదో ఆడపిల్లదో కావాలి గానీ తుపాకిది కాకూడదు.

జింకల వేట మొదలయ్యే ముందు ఆదివారం మా గుంపు పోటీ పెడుతుంది. లీవర్ తుపాకులే తేవాలి, ఎవరి తూటాలు వాళ్ళే పోసుకోవాలి. గెలిచినవాళ్ళకి గడ్డకట్టించిన టర్కీ కోడి, చెక్క పలక మీద పేరు. ఆ పలక నిండా నాన్న పేరే. ఆ రోజు గాలి బాగానే వీస్తోంది. నేను బాగా పేల్చాను. ఆ మాట చెప్పాలి. వేరే ఏడాదైతే గెలిచేవాణ్ణి.

రొక్సీ నా పక్క బెంచీలో కూచుంది. చెంప ఆ నల్ల మచ్చ మీద పెట్టి, ఊపిరి బిగబట్టి, తొందర లేకుండా పేల్చింది. డెల్బర్ట్ కాగితం పట్టుకొచ్చాడు. అన్నీ గుండ్రటి చిల్లులు. జెల్లీ సీసా మూత పెడితే అన్నీ దాని కిందకి వచ్చేస్తాయి.

"ఆర్వల్ లేచొచ్చినట్టుంది," అన్నాడు డెల్బర్ట్.

నాన్న ముక్కు నాది, నడక నాది, చెయ్యి వాటం కూడా నాదే. అయినా నన్ను చూసి ఎవరూ ఎప్పుడూ ఆ మాట అనలేదు.

అందరూ టర్కీ చుట్టూ చేరి, దాన్ని వండడానికి పొయ్యి చాలుతుందా అని రొక్సీని ఆట పట్టిస్తున్నారు. నేను నా ట్రక్కు దగ్గరికి వెళ్ళిపోయాను. కాసేపటికి తనే వచ్చి ట్రక్కు తలుపుకి ఆనుకుంది.

"వెండెల్, నీకు చెప్పాలా వద్దా అని ఇన్నాళ్ళూ ఆలోచించాను," అంది. "ఆ రోజు మీ ఇంటికొచ్చినప్పుడు తుపాకి ట్రక్కులోనే ఉంది. తుడిచి, పెట్టెలో పెట్టి తెచ్చాను. రొట్టె తిన్నాక నీకిచ్చేద్దామని. నాకంటే నీకే బాగా తెలుసేమో అనుకున్నాను."

"ఇప్పుడో?"

"ఇప్పుడు పేలుతోందిగా."

దాని గొంతులో వెటకారం లేదు. వెతికాను, లేదు. ట్రక్కు సీటు కింద గుడ్డలో చుట్టిన నాన్న అచ్చు ఉంది. ఎందుకు తెచ్చుకున్నానో నాకే తెలియదు, ఆ రోజు తెచ్చుకున్నాను. తీసి దాని ముందు పెట్టాను.

"అయితే ఇదీ నువ్వే తీసుకో," అన్నాను. "నా దగ్గరుండి ఏం లాభం? రెండూ ఒకచోటుంటాయి. శనివారాలు నేనొచ్చి పోసి పెడతాను కావాలంటే."

రొక్సీ గుడ్డ విప్పి అచ్చుని చూసింది. ఓసారి తెరిచి మూసింది. మళ్ళీ గుడ్డ చుట్టి, నా చేతిలోనే పెట్టి, నా వేళ్ళు దాని మీద మూసింది.

"వద్దులే. అది నాన్న నీకిచ్చాడు," అంది.

నేను రెండోసారి అడగలేదు.

ఇంటికొచ్చి టోపీ తీసి జింక కొమ్ముకి తగిలించాను. మార్లిస్ రెండో కొమ్ము వంక చూసి, నా వంక చూసి, కాఫీ పెట్టడానికి వెళ్ళింది.