కరిగించిన గుండ్రటి అక్షరాలు

ఆల్బన్ క్రౌజే అచ్చుశాలలో ఏది వేసినా పాత జర్మన్ లిపి ఫ్రాక్టూర్‌లోనే వేసేవారు. బైబిలు, పెళ్లిపత్రిక, బీరుసీసా చీటీ, చావుకార్డు, అన్నింటికీ వంచిన మేకుల్లాంటి ఆ నల్లటి అక్షరాలే. ఆ చిన్న జర్మన్ ఊళ్లో వెండెలిన్ రోట్ ఒక్కడే గుండ్రటి అక్షరాలు వాడేవాడు. అవి పరాయివని ఆల్బన్ అధికార పార్టీ ఆఫీసులో ఓ మాట వేశాడు. వెండెలిన్‌కి పనులు ఆగిపోయాయి. ఆల్బన్ అతని సీసపు అక్షరాల్ని పాత సీసం ధరకి కొని, అతని చేతే కరిగించి, ఆపైన అక్షరాలు కూర్చడానికి అతన్నే కంపోజిటర్‌గా పెట్టుకున్నాడు. పోటీ పోయింది, పనివాడు చౌకగా దొరికాడు.

1941 చలికాలంలో పార్టీ ఆఫీసరు హోపే వచ్చాడు.

"ఇకమీదట ఫ్రాక్టూర్ వద్దు. అవి యూదుల అక్షరాలట."

"అయ్యా, అచ్చమైన జర్మన్ అక్షరాలని మీరేగా అన్నది!"

"అది అప్పటి మాట. రేపటికల్లా ఈ నోటీసు గుండ్రటి అక్షరాల్లో గోడకెక్కాలి. నీవల్ల కాకపోతే జిల్లా పనులన్నీ పక్క ఊరికి పోతాయి."

జిల్లా పనులు పోతే అచ్చుశాల మూసుకోవడమే. ఆల్బన్ వెండెలిన్ ఇంటికి పరుగెత్తాడు.

"ఏమయ్యా, గుండ్రటివి ఏమైనా దాచావా?"

"మీరే పక్కన నిలబడి నాచేత కరిగించారు కదండీ."

"దాచే ఉంటావు. యుద్ధకాలంలో సీసం దాస్తే ఏమవుతుందో నేను చెప్పాలా?"

వెండెలిన్ మంచం కింద నుంచి చిన్న పెట్టె లాగాడు. మంచం మీద అతని భార్య ఒటీలీ దగ్గుతోంది.

"ఇవి ఈమె కార్డుకని ఉంచానండీ. గుండ్రటి అక్షరాలే కావాలంది."

"ఆవిడ ఇంకా పోలేదుగా! ఇలా ఇవ్వు."

అచ్చుశాలలో వెండెలిన్ నోటీసు సగమైనా కూర్చకముందే, మాటమాటకీ పడే ‘ఎ’ అక్షరాలు అయిపోయాయి.

"మిగతా చోట్ల పాతవి పెట్టు. ఎవడు చూస్తాడు?"

"అందరూ చూస్తారండీ."

"చెప్పింది చెయ్యవయ్యా."

తెల్లారేసరికి ఊరంతా గోడ ముందు నిలబడి నవ్వింది. ఫ్రాక్టూర్ వద్దన్న నోటీసులో, వరస వరసకీ పుచ్చుపళ్లలా ఫ్రాక్టూర్.

"ప్రభుత్వాన్ని వెక్కిరిస్తావా?" అంటూ హోపే ఊడిపడ్డాడు.

ఆల్బన్ ఒక్క క్షణంలో బేరీజు వేసుకున్నాడు. కంపోజిటర్ మళ్లీ దొరుకుతాడు. ప్రెస్సు పోతే దొరకదు.

"నేను చూసుకోలేదయ్యా. కూర్చింది ఇతను. మీమీద ఇతనికి పాత కక్ష. సీసం దాచిందీ ఇతనే."

వెండెలిన్‌ని చేతుల సిరా కడుక్కోనివ్వకుండానే తీసుకుపోయారు. జిల్లా పనులు ఆల్బన్ దగ్గరే ఉండిపోయాయి.

మంచు కరిగేలోపు ఒటీలీ పోయింది. ఆమె చెల్లెలు కార్డు కోసం వచ్చింది.

"కింద బావ పేరు కూడా వెయ్యండి."

"ఆ పేరు నా అచ్చుశాల నుంచి బయటికి పోతే నాకు చేటమ్మా. వద్దు."

"ధరైనా తగ్గిస్తారా?"

"కాగితం అంతే, సిరా అంతే. ధరెందుకు తగ్గుతుంది?"

కార్డుకి ఆ పెట్టెలోని అక్షరాలే వాడాడు. మొగుడి పేరు తీసేశాక ‘ఎ’లు సరిపోయాయి. రెండు మిగిలాయి కూడా, వెండెలిన్ పేరులో ఉన్నన్ని.