నీళ్లు లేని నది

పుస్తకాలకు అట్టలు కట్టే ఆ మనిషికి ఆదివారం పదిగంటలకు గానీ తెల్లవారినట్టుండేది కాదు. సరిగ్గా ఆ వేళకి, వేరే ఊళ్లో తల్లి దగ్గర ఉంటున్న కూతురు ఆన్‌లైన్ ఆటలోకి వచ్చేది. భార్యాభర్తలు విడిపోయి మూడేళ్లయింది. ఫోన్ చేస్తే "తిన్నావా?", "తిన్నా" అన్న రెండు ముక్కలతో మాటలు అయిపోయేవి. ఆటలో మాత్రం, తనూ, కూతురూ, ఆమె స్నేహితులిద్దరూ కలిసి పడవ కట్టుకుని నది దాటే ఆ గంటన్నరా పిల్ల నోరు మూతపడేది కాదు. చుక్కాని అతనిది.

అతని కంప్యూటర్ బైండింగ్ షాపులో పన్నెండేళ్లు చాకిరీ చేసి మూలపడ్డది. దాని మీద ఆట నడవాలంటే తెర మీది బొమ్మల్లో ఒక్కొక్కటే వదులుకోవాలి. మొదట నీడలు తీసేశాడు. తర్వాత చెట్ల ఆకులు. చివరికి నదిలో నీళ్లు కూడా. "నాన్నా, నీళ్లల్లో మబ్బులు చూశావా!" అని కూతురు అంటే, తెర మీది బూడిదరంగు పట్టీకేసి చూస్తూ "చూశానమ్మా, ఎంత బాగున్నాయో" అనేవాడు.

సుడిగుండం రాగానే తెర కొయ్యబారిపోయేది. మళ్లీ కదిలేసరికి పడవ మునిగి ఉండేది. కూతురి స్నేహితులు అతనికి 'నిద్రమొహం' అని పేరు పెట్టారు. మొదట్లో నవ్విన కూతురు ఒకనాడు నవ్వలేదు.

"నీ మనసు ఇక్కడుండదు నాన్నా. అమ్మ చెప్పేది నిజమే."

ఆ మాట ములుకులా దిగింది. అయినా 'కంప్యూటర్ పాతది తల్లీ' అనడానికి నోరు రాలేదు. ఏదీ సరిగ్గా అమర్చుకోలేని తండ్రినని కూతురి దగ్గర ఒప్పుకోవడానికి నామోషీ.

మెకానిక్‌కి చూపిస్తే, కంప్యూటర్ మూత విప్పి, దుమ్ము ఊది, పెదవి విరిచాడు. "నడిపించగలను గానీ పరిగెత్తించలేను అన్నా."

ఆ వారమే ఆట తయారుచేసినవాళ్లు దాన్ని కొత్తగా మార్చేశారు. కొత్తది ఆ పాత యంత్రం మీద తెరుచుకోనే లేదు. ఆదివారం ఫోన్ మోగుతుంటే చూస్తూ కూర్చున్నాడే గానీ ఎత్తలేదు. మరుసటి ఆదివారం మూడోసారి మోగాక ఎత్తాడు.

"ఆవేళ అలా అన్నాననేగా రావడం మానేశావు?" అంది కూతురు.

అతను గోడకు చేరగిలబడ్డాడు. పరువు కాపాడుకున్నది తను, బరువు మోసింది పిల్ల.

"కాదమ్మా. కంప్యూటర్ పాతది. నాకు నదిలో నీళ్లే కనబడవు. మబ్బులూ లేవు, ఏమీ లేవు. అబద్ధం చెప్పాను."



"మరి ఇన్నాళ్లూ చుక్కాని ఎలా పట్టావు?"

"నీ గొంతు విని. నువ్వు ఎడమంటే ఎడమకి."

ఆమె ఏడుస్తోందని తెలుస్తూనే ఉంది.

"ఫోన్ పెట్టెయ్యకు. నేను ఆడుతూ కనబడేవన్నీ చెప్తా, నువ్వు విను. ఎటు తిప్పాలో చెప్పు," అంది చివరికి.

నీళ్లు పచ్చగా ఉన్నాయట. ఒడ్డున రెల్లు వంగి ఉందట. అతను కళ్లు మూసుకుని "కుడికి" అన్నాడు. అక్కడ బండరాయి ఉంది. పడవ తునాతునకలైంది.

"పాపం, ఊరికే ఆ కంప్యూటర్‌ని అన్నావు," అంది ముక్కు చీదుతూ.

తర్వాతి ఆదివారాల్లో ఆట తగ్గుతూ వచ్చింది. ఒకరోజు, లెక్కల పరీక్ష తప్పాననీ అమ్మకింకా చెప్పలేదనీ చెప్పింది. అతను కేకలెయ్యలేదు. పర్లేదనీ అనలేదు.

"ఎక్కడ అర్థం కావడం మానేసిందో మొదట్నుంచీ చెప్పు తల్లీ," అని కుర్చీ ముందుకు లాక్కున్నాడు.