కళ్లంబయల్లో రాళ్లు

"ముళ్లకంచె వేస్తే యా బిడ్డ కన్నో పోతాది. చెప్తాండా, వినండి. ఆమైన పోలీసులొచ్చి మిమ్మల్నే తీసకపోతారు."

కంచె ఇంకా వెయ్యనే లేదు. అయినా వరమ్మ అప్పుడే ఎవరి పిల్లవాడికో కన్ను పోగొట్టి, వాణ్ణి ప్రొద్దుటూరు ఆసుపత్రిలో చేర్పించి, తన కూతుర్ని తీసుకుపోయి స్టేషన్లో కూర్చోబెట్టేసింది.

వసారాలో ముగ్గురు కాగితం ముందేసుకుని కూర్చున్నారు. ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పే కూతురు కీర్తన, కువైట్ నుంచి తిరిగొచ్చి ఏసీలు బాగుచేసే మొయిన్, రిటైరైన హెడ్మాస్టరు పాల్ రాజు. జమ్మలమడుగులో చర్చి వీధికీ దర్గా వీధికీ నడుమ మిగిలిన ఖాళీ నేల కళ్లంబయలు ఒక్కటే. వెనకటికి అక్కడ జొన్నలు నూర్చేవాళ్లు. ఇప్పుడు మిరపకాయలు ఆరబోస్తారు, సాయంత్రమైతే పిల్లలు ఆడుకుంటారు, ఏ వీధి పెళ్లికైనా పందిరి అక్కడే లేస్తుంది. దాన్ని ఎప్పటికీ బయలుగానే ఉంచాలని, చుట్టూ వేపచెట్లు పెట్టాలని ఈ ముగ్గురూ మున్సిపల్ ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి చెప్పులరగదీశారు. చివరికి సర్వేయరు సోమవారం వస్తానన్నాడు. తగాదా లేని జాగా అయితేనే పార్కుగా రాసుకుంటామని ఆఫీసులో ముందే చెప్పారు. ఆయన వచ్చేలోగా హద్దు కనబడేట్టు చేయాలి.

"కంచె వద్దంటే మరేం వెయ్యమంటావు మా?" విసుక్కుంది కీర్తన.

"రాళ్లు నాటండి. నాపరాయి ఎవర్నీ గీరదు."

పాల్ రాజు కళ్లజోడు తీసి నవ్వాడు. "మీయమ్మ ఇన్నాళ్లకు బెదిరించకుండా ఒక మాట చెప్పింది, కీర్తనా."

నాపరాళ్లకు కరువులేని ఊరు. మొయిన్ గనికాడ పడేసిన విరుగుబండలు ట్రాక్టరుకెత్తించి తెచ్చాడు. శనివారమంతా చుట్టూ నాటి సున్నం పూశారు. సర్వేయరుకు తేలిగ్గా అర్థమవుతుందని పాల్ రాజు లోపల కూడా నడిచే దారికీ, చెట్లకీ, ఆటలకీ వేరువేరుగా హద్దులు పెట్టించాడు. చీకటి పడే వేళకు బయలంతా గళ్లుగళ్లుగా తెల్లగా మెరిసింది. ముగ్గురూ మురిసిపోయారు.

వాళ్లకు తట్టని సంగతి, ఎప్పుడూ చెడే తలిచే వరమ్మకు కూడా తట్టలేదు. ఆ తట్టున ఖాళీ నేలలో సున్నం పూసిన రాళ్లు వరసగా లేచాయంటే జనానికి తెలిసిన అర్థం ఒకటే. ఇళ్ల జాగాలు పంచుతున్నారని.

ఆదివారం చర్చి గంట మోగకముందే బయలు నిండిపోయింది. గడికొకరు నిలబడ్డారు. కొందరు చీరలు అడ్డంకట్టారు, ఒకామె మూడు రాళ్ల పొయ్యి పెట్టి పాలు కూడా పొంగించింది. దువ్వూరు నుంచి ఎవరి చుట్టాలో ఆటోలో దిగారు. అందరికంటే ముందొచ్చింది వరమ్మ పక్కింట్లో బాడుగకుండే ఖాజాబీ. పెళ్లి పందిరి లేచే నట్టనడుమ తనదొక రాయి నాటి, బకెట్ బోర్లేసుకుని కూర్చుంది.

"ఇవి ప్లాట్లు కావు. ఇది పార్కు," అని అరిచి అరిచి కీర్తన గొంతు బొంగురుపోయింది.

"సరే పాపా, పార్కులో మాకు యా నంబరు?" అనడిగింది పాలు పొంగించినామె.

నమ్మిద్దామని పాల్ రాజు తన కాగితం విప్పి చూపించాడు. అందులో గళ్లు చూసి జనం మరింత మీదికొచ్చారు. "సార్, మాకు మూలబిట్టు రాయి సార్, పుణ్యముంటాది."

మొయిన్ ఖాజాబీ దగ్గర కూర్చుని బతిమాలాడు. ఆమె తలెత్తలేదు. "మీకు సొంతిండ్లున్నాయి గాబట్టి బయలు కావల్ల. బాడుగ ఇంటికి నేనెన్ని సార్లు సామాన్లు మోసినానో నీకేం తెలుసురా," అంది. ఆ మాట విన్నవాళ్లందరూ ఖాజాబీ కదిలితేనే తామూ కదులుతామన్నారు.

వరమ్మ బయలును ఆనుకున్న తన ఇంటి గోడపక్క నిలబడి ఇదంతా చూస్తూ ఉంది. బయలు పోయింది, చెట్లు పోయాయి, రేపు బిడ్డకు పెళ్లయితే నిలవనీడ లేకుండా పోతుంది. పోయేది ఎటూ పోతోంది, ఒక మూలన్నా మిగలనీ. మిగిలిపోయిన బండనొకదాన్ని ఈడ్చుకొచ్చి గోడవార నాటింది. దానిమీద సున్నంతో సిలువ గీసింది.

ఆరాధన ముగిసి జనం బయటికి రాగానే ఆ సిలువ అందరి కళ్లలో పడింది.

"చూసినావా మామా, పార్కు పెడతామన్న పాప వాళ్లమ్మే ముందు జాగా పట్టింది," అన్నాడొకడు. "మనం మాత్రం యాల తీయల్ల?"

కీర్తన రాయిని చూసింది, తల్లిని చూసింది, లోపలికిపోయింది. పెట్టిన అన్నం చల్లారిపోయింది. "నీకోసమే గదా పాపా," అని తలుపు బయట నిలబడి వరమ్మ ఎన్ని తడవలన్నా కీర్తన తలుపు తీయలేదు.

మొయిన్ మాత్రం మెల్లగా చెప్పాడు. "తీస్తామన్నోళ్లు గూడా నీ రాయి చూసి నిలిచిపోయినారు, పిన్నమ్మా."

"అంతా పోయినాక నాదొకటి ఉంటే ఏంది రా?"

"పోలేదు పిన్నమ్మా. ఇప్పుడు పోతాంది."

సోమవారం పొద్దున వరమ్మ గడ్డపార తీసుకుంది. రాయి కింద తేలుంటుందేమో, నడుము పట్టేస్తుందేమో, జనం మీదికొస్తారేమో అనుకుంటూనే తవ్వింది. సిలువ గీసిన బండ అందరి ముందూ నేల మీద పడింది. ఒకడు ఈల వేశాడు. ఎవరూ తమ రాయి మీద చెయ్యి వెయ్యలేదు.

గడ్డపార ఈడ్చుకుంటూ పోయి ఆమె ఖాజాబీ ఎదుట కూలబడింది.

"ఖాజాబీ, జాగాలిస్తామని యా ఆఫీసరూ చెప్పలే. ఈ రాళ్లు నాటమనింది నేను. పిల్లోళ్లకు గీరుకుంటాదేమోనని."

ఖాజాబీ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

"నీ పెద్దబిడ్డ రిహానా నిఖాకు పందిరి ఈడనే గదా వేసినాం. చిన్నదాని నిఖాకు యాడ వేస్తావు?"

ఖాజాబీ తన రాయి మొదట్లో మట్టిని అరచేత్తో అదిమింది.

"నేను నాది తీసినా. చూసినావు గదా."

ఎండ ఎక్కింది. గళ్లలో నిలబడ్డవాళ్లు ఒక్కొక్కరే గొంతుక్కూర్చున్నారు. దూరంగా కీర్తన, మొయిన్, పాల్ రాజు ఇటే చూస్తున్నారు. అన్నిట్లో చెడే తలిచే వరమ్మకు ఇంతకంటే చెడ్డది కూడా తట్టలేదు. అట్లాగే కూర్చుంది. వీధి మొదట్లో సర్వేయరు బండి ఆగిన చప్పుడు వినబడింది.

ఖాజాబీ ఆ చప్పుడు వైపు చూసింది, కింద పడున్న సిలువ బండ వైపు చూసింది. బకెట్ మీద నుంచి లేచింది.

"నేను పీకినాక మిగిలినోళ్లు పీకకపోతే, దీన్ని మళ్లీ నాటేది నువ్వే, వరమ్మక్కా," అంది. "ఆ గడ్డపార ఇట్లా తే. నాది శానా లోతుకు దించినా."