మిల్లింగు మిషను వెనకాల నేను

నేను ఒక స్విచ్చిని. అలా తేలిగ్గా తీసిపారెయ్యకండి. పడగ్గదిలో టిక్కుమనే తెల్ల ప్లాస్టిక్ బుడిపెని కాను. ఇనప డబ్బా, పక్కన చేతినిండా పట్టే పిడి ఉన్న మెయిన్ స్విచ్చిని. బెజవాడ ఆటోనగర్‌లో బాపయ్యగారి షెడ్డు ఉంది చూడండి, అందులో మిల్లింగు మిషనుకి ప్రాణం పోసేదీ తీసేదీ ఒకప్పుడు నేనే. బల్ల మీద ఇనప ముక్క బిగిస్తారు. పైన పళ్ళున్న కట్టరు గిర్రున తిరుగుతూ దాన్ని చెక్కుతుంది. నా పిడి పైకెత్తితే తిరుగుతుంది, దించితే ఆగుతుంది. అంత పెత్తనం ఆ షెడ్డులో బాపయ్యగారికి కూడా లేదు.

ఎక్కడ పుట్టానో సరిగ్గా చెప్పలేను. రంగు ఆరీ ఆరకముందే అట్టపెట్టెలో పెట్టి పంపేశారు. కొన్నాళ్ళు ఒక రైసుమిల్లులో ఊకదుమ్ము తిన్నాను. ఆ మిల్లు మూతపడ్డాక పాత సామాన్ల కొట్టులో పడి ఉంటే బాపయ్యగారు ఏరి తెచ్చి, మిషను వెనకాల గోడకి బిగించారు. అక్కడే ఎందుకూ అంటే, కరెంటు వైరు అక్కడిదాకానే వచ్చింది. ఇంకాస్త వైరు కొంటే ముందుకే వచ్చేదాన్ని. కొనలేదు. కొన్నేళ్ళు గడిచేసరికి ఆ పిసినారితనానికే షెడ్డు పద్ధతి అని పేరొచ్చింది.

నాకేం, హాయిగానే ఉండేది. నన్ను అందుకోవాలంటే ఎంతటివాడైనా బల్ల మీదుగా వంగి, మిషనుని కావలించుకున్నంత పని చెయ్యాల్సిందే. మొదట్లో మస్తాన్ వలీ అనే పొడుగుమనిషి ఆ మిషను నడిపేవాడు. మాటల్లో ఉండి, ఇటు చూడకుండానే నా పిడి పట్టేసేవాడు. అతను సొంతంగా షెడ్డు పెట్టుకుని వెళ్ళిపోయాక ఆ పని తిరపతమ్మకి వచ్చింది. అంతకుముందు ఆవిడ అక్కడ ఇనప రజను ఊడ్చేది. ఊడుస్తూ చూసింది, చూస్తూ నేర్చుకుంది, మస్తాను అన్నం తినే టైములో తానే మిషను నడిపేది. పనిలో వంక పెట్టడానికి లేదు. మనిషే పొట్టి.

నాకోసం ఆవిడ చెక్కపెట్టె ఎక్కి, మునివేళ్ళ మీద నిలబడి, తిరుగుతున్న కట్టరు పక్కనించి చెయ్యి చాపేది. గ్రీజూ పసుపూ కలిసిన వాసన ఆ చెయ్యి. మస్తాను పట్టింది పిడి మాత్రమే. ఈవిడ పట్టుకుంటే నన్నే పట్టుకున్నట్టుండేది. ఎంత కష్టపడి నా దగ్గరికి వస్తోందో అని మురిసిపోయేదాన్ని. ఆవిడ ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని వస్తోందన్న సంగతి నాకెందుకు?

ఒకరోజు అలా వంగినప్పుడు జాకెట్టు చెయ్యి కట్టరుకి తగిలి పర్రున చిరిగింది. తిరపతమ్మ పెట్టె దిగి, చిరిగిన చెయ్యి పట్టుకుని తిన్నగా బాపయ్యగారి దగ్గరికి వెళ్ళింది. స్విచ్చిని ముందుకి మార్చమంది. ఆయన నవ్వేసి, మస్తాను అన్నేళ్ళు చేశాడు, ఏమైనా అయిందా, నీకూ అలవాటైపోతుందిలే అన్నారు.

"చెయ్యి పోయాక తెస్తారా అయ్యా ముందుకి?" అంది తిరపతమ్మ.

అని ఊరుకోలేదు. బయటికెళ్ళి అరుగు మీద కూర్చుంది. మిషను ముట్టుకుంటే ఒట్టు. పనులు ఆగిపోయి, పని ఇచ్చిన పార్టీలు ఫోన్ల మీద ఫోన్లు చేస్తుంటే బాపయ్యగారు సణుక్కుంటూ కరెంటు పని చేసే లాజరుని పిలిపించారు.

నన్నే విప్పి ముందుకి తెస్తారనుకున్నాను. ఎంత పిచ్చిదాన్ని! లాజరు కొత్తదాన్ని తెచ్చి బల్ల ముందు, సరిగ్గా ఆవిడ నడుమెత్తులో బిగించాడు. దాని సోకు చూడాలి. తిప్పడానికి ఒక పచ్చ బొత్తాం, ఆపడానికి పుట్టగొడుగంత ఎర్ర తలకాయ. పిడి లేదు, బరువు లేదు, అరచేత్తో తడితే చాలు. నన్ను పీకెయ్యనన్నా లేదు. కరెంటు నాలోంచే దానికి వెళ్ళాలట. ఎవరూ పొరపాటున దించకుండా నా పిడిని పైకి లేపి ఇనపతీగతో కట్టేశాడు. నేను వడ్డిస్తే అది తిని కులుకుతుందన్నమాట. సవతిని తెచ్చి ఇంట్లో పెట్టడమంటే ఇంతకంటే ఏముంటుంది?

ఆరోజు నుంచి కళ్ళల్లో నిప్పులు పోసుకుని బతికాను. తిరపతమ్మకి చెక్కపెట్టెతో పని లేదు, మునివేళ్ళతో పని లేదు. చెయ్యి ఖాళీ లేకపోతే తుంటితో తట్టి ఆపేసేది. ఇక బాపయ్యగారు వచ్చినవాళ్ళందరికీ దాన్ని చూపించి, ఆలోచన తనదేనన్నట్టు చెప్పుకునేవారు. నా నెత్తిన బల్లులు తిరుగుతున్నా చూసే దిక్కు లేదు. కట్టరు వేడెక్కకుండా పోసే కూలెంటు నీళ్ళు దాని కడుపులోకి కారాలని, దాని ఎర్ర తల ఊడి రజనులో పడాలని, నొక్కినప్పుడు పలక్కుండా పరువు పోగొట్టుకోవాలని ఎన్ని కోరుకున్నానో. మాయదారిది, ఒక్కసారి కూడా తప్పలేదు.

దసరా వచ్చింది. ఆయుధపూజ నాడు మా షెడ్డులో ఒక ఆచారం. మిషన్లన్నీ కడిగి, బొట్లు పెట్టి, దండలేసి, హారతిచ్చాక ఒక్కొక్కదాన్నీ కాసేపు ఉత్తినే తిప్పుతారు. పూజ చేసిన మిషను ఊరికే ఉండకూడదట. ఏటా మొదటి బొట్టు నాదే. ఆ ఏడు బాపయ్యగారి వేలు నా వైపు రాలేదు. కుంకుమ ఎర్ర తలకాయకి పెట్టారు. ఎర్రటిదానికి ఎర్ర బొట్టు కనపడి చస్తుందా? నాకు మాత్రం కనపడింది.

హారతయ్యాక బాపయ్యగారు పచ్చ బొత్తాం నొక్కి, పక్కకి తప్పుకుని చేతులు జోడించారు. మిషను తల మీది బంతిపూల దండ ఆ కుదుపుకి కిందకి జారింది. అయ్యో పూలు పాడైపోతాయని తిరపతమ్మ చెయ్యి చాపి పట్టుకుంది. దండ కొస అప్పటికే కట్టరుకి అందింది. గట్టి నైలాను దారం. అది చుట్టుకుంటూ చుట్టుకుంటూ ఆవిడ ముంజేతికి ఉచ్చు వేసింది. గాజులు చిట్లాయి. చెయ్యి కట్టరు వైపు వెళ్ళిపోతోంది.

అప్పుడు బాపయ్యగారు పరిగెత్తారు. ఎక్కడికనుకున్నారు? ఎదురుగా ఉన్న ఎర్ర తలని వదిలేసి, మిషను చుట్టూ తిరిగి నా దగ్గరికి. ఇన్నేళ్ళ అలవాటు. రెండు చేతులతో నా పిడి పట్టుకుని లాగారు. ఎన్నాళ్ళకి నన్ను తలుచుకున్నారని నా ఒళ్ళంతా పులకరించింది. దిగాలని నా మట్టుకు నేను ఎంత గింజుకున్నానో. తీగ కదలనివ్వలేదు. ఆయన లాగుతున్నారు, నేను పైనే ఉన్నాను, కరెంటు నాలోంచే పోతోంది.

మిషను ఆగింది. నేను ఆపలేదు. తిరపతమ్మ ఎడమచేత్తో ఎర్ర తలని ఒక్క చరుపు చరిచింది.

పూజకి వచ్చిన లాజరు పరిగెత్తుకొచ్చి కత్తితో దారం కోశాడు. ముంజేతి చుట్టూ ఎర్రటి వాత తేలింది, గాజుపెంకులు గుచ్చుకుని కాస్త రక్తం వచ్చింది. తిరపతమ్మ వేళ్ళు మడిచి చూసుకుంది. అన్నీ కదిలాయి. బాపయ్యగారు మాత్రం ఇంకా నా పిడి పట్టుకునే ఉన్నారు. ఆయన చేతుల చెమట నాకు తెలుస్తోంది.

"ఎవడు పెట్టాడు దీన్నిక్కడ?" అన్నారు.

"మీరే కదయ్యా," అంది తిరపతమ్మ.

ఆయన నన్ను వదిలేసి, అక్కడే గోడకి ఆనుకుని కూలబడిపోయారు.

తిరపతమ్మ కొన్నాళ్ళు సెలవు తీసుకుని మళ్ళీ పనిలోకి వచ్చింది. ముంజేతికి పసుపు రాసుకుంది. రాగానే పచ్చది నొక్కి, ఎర్రది కొట్టి, మిషను ఆగుతోందో లేదో చూసుకుని అప్పుడు ముక్క బిగించింది. అయిదు వేళ్ళూ చక్కగా ఆడుతున్నాయి. నన్నే నమ్ముకుని ఉంటే ఆ చెయ్యి ఇవాళ నా మీదా పడేది కాదు, దాని మీదా పడేది కాదు. నాకు తెలుసు. ఎవరూ చెప్పక్కర్లేదు. అయినా ఆ చెయ్యి దాని మీద పడ్డ ప్రతిసారీ, ఇదిగో, ఒళ్ళు మండిపోతోంది.