వదులైన బెల్టు

ముప్ఫై ఏళ్లు లోడు బండి నడిపిన మనిషి అతను. అతను తాడు బిగిస్తే దింపే చోటుదాకా సామాను ఒళ్లు కదల్చదని పేరు. మోకాళ్లు మొరాయించాక పికప్పు తాళాలు కూతురి చేతిలో పెట్టి పక్క సీట్లోకి మారాడు. చూసేవాళ్లకది పెద్దరికం. అతనికి మాత్రం కాళ్లూ చేతులూ కట్టేసి కూర్చోబెట్టినట్టుండేది.

కూతురు తాళ్లు మానేసి బెల్టులు కొన్నది. కొక్కెం తగిలించి లివరు నాలుగుసార్లు ఆడిస్తే బెల్టు బిర్రుగా బిగుసుకుంటుంది. "సామాను కడుతున్నావా, జడ వేస్తున్నావా?" అని వెక్కిరించేవాడు. ఆ లివరు వాడటం మాత్రం ఆమెనడిగి నేర్చుకోలేదు.

ఆరోజు ఒక టైలరమ్మ దుకాణం మారుతోంది. ఇనప బీరువా, నిలువుటద్దం, రెండు కుట్టుమిషన్లు. కూతురు బీరువా కింద రబ్బరు చాప పరిచి, దాన్ని క్యాబిన్‌కు ఆనించి, పైనొకటి కిందొకటి బెల్టులు బిగించింది. అద్దాన్ని దుప్పట్లో చుట్టి పక్కన పెట్టింది. చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్లింది.

అప్పుడే టైలరమ్మ ఒక బల్ల మోసుకొచ్చింది. "బాబాయిగారూ, ఇస్త్రీ బల్ల మర్చిపోయాం. కాస్త ఎక్కడైనా ఇరికించండి" అని చెప్పి దుకాణానికి తాళం వేయడానికి వెనక్కి వెళ్లింది.

కూతుర్ని పిలవొచ్చు. ఈ మాత్రం దానికి పిలవడమేమిటనుకున్నాడు. పై బెల్టు వదులు చేసి, బల్లను బీరువా వెనక, క్యాబిన్‌కూ దానికీ మధ్య దూర్చి, బెల్టును చేత్తో లాగి కొక్కెం తగిలించాడు. బండి తీసేముందు కట్లు మరోసారి చూసుకోవడం కూతురికి అలవాటు. ఆమె వెనక్కి వెళ్లబోతుంటే, "అన్నీ చూశాన్లే, పద" అన్నాడు.

రెండో మలుపులో ఒక సైకిలు అడ్డమొచ్చింది. కూతురు స్టీరింగు ఒక్కసారిగా తిప్పింది. వెనక పెద్ద చప్పుడు. బీరువా పక్కకు ఒరిగి బండి పక్క రేకు మీద పడింది. అద్దం ముక్కలైంది. ఆ రేకు బయటికి బుంగలా ఉబ్బింది.

వెనకే స్కూటరు మీద వస్తున్న టైలరమ్మ ఆగి, అద్దం ముక్కల వంక చూస్తూ నిలబడింది. ఆమె ముఖం చూసేసరికి అతని నోరు జారింది.

"ఎన్నిసార్లు చెప్పాలే నీకు, గట్టిగా బిగించమని? నా చేతి కట్టు ఏనాడైనా ఊడిందా?"

కూతురు వేలాడుతున్న బెల్టును చేతిలోకి తీసుకుంది. లివరు తెరిచే ఉంది. బీరువా వెనక తను పెట్టని బల్ల ఉంది. తండ్రి వంక ఒక్కసారి చూసి, టైలరమ్మ వైపు తిరిగింది.

"పొరపాటు నాదేనండి. అద్దం కొత్తది తెచ్చిస్తాను."

అతనికి తల కొట్టేసినట్టయింది. అయినా నిజం చెప్పకుండా వంగి అద్దం ముక్కలు ఏరసాగాడు.

మర్నాడు మోకాళ్ల నొప్పి ఓర్చుకుంటూ తనే బండిని డెంటింగు షెడ్డుకు నడుపుకెళ్లాడు. మేస్త్రీ పాత స్నేహితుడు. రేకు లోపలివైపు ఇనప దిమ్మ ఆనించి, బయటినుంచి సుత్తితో అంచుల దగ్గర మొదలుపెట్టి మెల్లమెల్లగా తడుతున్నాడు. "నడిమిన ఒక్కటేస్తే సాగిపోద్ది. బతిమాలుకోవాలి దీన్ని" అన్నాడు. ఆ మాట నవ్వించడానికే అన్నాడు. అతనికి నవ్వు రాలేదు.

అంతలో ఫోను మోగింది. వాళ్లకు వారం వారం లోడ్లిచ్చే ఫర్నిచరు షాపాయన.

"టైలరమ్మ మా చుట్టమేనండీ, అంతా చెప్పింది. మీ అమ్మాయి కట్టే కట్లు మాకొద్దు. మీరు దగ్గరుండి కడతానంటే చెప్పండి, పంపిస్తాను. మీ సంగతి మాకు తెలీనిదా?"

ఆ మెప్పు చెంపదెబ్బలా తగిలింది. ఫోనులో చెప్పేస్తే సులువే, ముఖం కనబడదు. అందుకే చెప్పలేదు. మోకాళ్లు పట్టుకుని షాపుదాకా నడిచాడు. గుమాస్తాలిద్దరూ కొనడానికొచ్చిన ఒక జంటా వింటుండగానే నోరు విప్పాడు.

"బెల్టు వదులు చేసింది నేనండీ. చెప్పకుండా దాచిందీ నేనే. నలుగురిలో పిల్లని తిట్టిందీ నేనే."

షాపాయన కాసేపు బల్ల మీది కాగితాలు సర్దాడు. "అయితే అమ్మాయినే పంపండి. మీరు ఇంటిపట్టున ఉండండి" అన్నాడు, అతని కళ్లలోకి చూడకుండా. అక్కణ్ణించి టైలరమ్మ దగ్గరికి వెళ్లి అదే మాట చెప్పాడు. రెండోసారి చెప్పడం ఇంకా కష్టమైంది.

ఇంటికొచ్చేసరికి కూతురు వంటింట్లో గిన్నెలు తోముతోంది. గుమ్మంలోనే నిలబడి చెప్పాడు. ఆమె కుళాయి కట్టలేదు.

"నాకు అక్కడే తెలిసింది నాన్నా."

"మరి నీ నెత్తిన ఎందుకేసుకున్నావమ్మా?"

"ఆ మాట అన్నాకైనా నువ్వు కాదంటావేమోనని చూశాను."

అతను వెళ్లి మంచం మీద కూర్చున్నాడు. కాసేపటికి ఆమె అన్నం పెట్టింది గానీ, పక్కన కూర్చోలేదు.

రెండు వారాలు ఆమె ఒక్కతే లోడ్లకు వెళ్లింది. రానా అని అడగడానికి అతనికి ముఖం చెల్లలేదు. మూడో వారం ఒక ఉదయం చెప్పులేసుకుంటూ అన్నది, "ఇవాళ అన్నీ గాజు తలుపులు. దింపేటప్పుడు ఇంకో మనిషి కావాలి."

"నేనొస్తే..." అని ఆగిపోయాడు.

"నిన్నే అంటున్నా. తొందరగా చొక్కా తొడుక్కో."