ఐదో రాయి

మంజీర మీద ఆనకట్ట లేస్తున్న ఏట సర్కారు మనుషులు చేలల్లో సున్నం పూసిన రాళ్లు పాతారు. నీళ్లు ఆ రాళ్ల దాకా వస్తాయన్నారు. బస్వమ్మ చేనులో రాయి మిట్ట నెత్తిన పడింది.

ఆ చలికాలం, చేలో పండగ చేసే ఎల్లమావాస్యకు చేను పల్లంలో చొప్పతో గూడు వేశారు. ఐదు రాళ్లకు సున్నం పూసి పాండవులని మొక్కాలి, నాలుగే దొరికాయి. ఆమె భర్త సదాశివ మిట్టెక్కి సర్కారు రాయిని పెకిలించి భుజాన వేసుకొచ్చాడు.

“అయ్యో, అది సర్కారుది గద!”

“ఒక్క పూట పాండవుడైతడు తియ్. సున్నం గూడ పూసే ఉన్నది, నీకు పని తప్పింది. మల్ల పెట్టొస్త.”

మళ్లీ పెట్టలేదు. ఇద్దరూ మరిచిపోయారు.

ఎండాకాలంలో సదాశివ జ్వరంతో పోయాడు. తమ ఆచారం ప్రకారం తన చేనులోనే సమాధిలో కూర్చోబెట్టమని పోయేముందు అడిగాడు. సమాధి చేయించే రేవణసిద్ధప్ప పల్లంలోని రాయిని చూసి, “నీళ్లు గీడిదాకనే. మిట్ట మీద కూసోవెడ్దాం. ఊరంత మునిగినా సదాశివ మునగడు” అన్నాడు. ఏడుపులో ఉన్న బస్వమ్మకు ఆ మాటే ఆసరా అయింది. ఇల్లు పోనీ, చేను పోనీ, ఆయనైతే ఉంటాడు. ఊరు ఖాళీ చేశాక జహీరాబాద్‌లో అద్దె గదిలో చేరి ఆ ధీమాతోనే బతికింది.

వానలకు నీళ్లొచ్చాయి. మిట్ట చుట్టూ తిరిగి దాన్ని దీవి చేశాయి. పల్లంలోని రాయి మునిగిందని విన్న రోజు బస్వమ్మ చెరుగుతున్న చాట పక్కన పెట్టి లేచింది. ఆ రాయి మొదట మిట్ట నెత్తిన ఉండేదని అప్పుడు గుర్తొచ్చింది.

రేవణసిద్ధప్ప దగ్గరికి పరుగెత్తింది. “అయ్యా, ఆయన్ని తీసి ఒడ్డుకు తెద్దాం.”

“కూసోవెట్టినోన్ని లేపరాదు బస్వమ్మా. లింగంల కలిసినోనికి నీళ్లేంది, నిప్పేంది?”

“ఆయనకు లేకపోతే లేకపాయె. నాకున్నయి గద.”



పుట్టి నడిపే ఫరీద్‌ను బతిమాలి దీవికి పోయింది. రాళ్లేరి సమాధి మీద పేర్చింది. మట్టి కోసం పక్కన పార వేస్తే గుంతలో నీళ్లూరాయి. పైనుంచి రావలసిన నీళ్లు కిందనుంచే ఆయన్ని చేరాయి. పార అక్కడే వదిలేసింది.

మళ్లీ ఎల్లమావాస్య వచ్చింది. మిట్ట లేదు. బస్వమ్మ కుండలో అంబలి పట్టుకుని పుట్టి ఎక్కింది. చేను గట్టు వెంట తిరుగుతూ అంబలి చల్లాలి, అది ఆనవాయితీ.

“గట్టు యాడికెల్లి అవ్వా?” ఫరీద్ అడిగాడు.

ఆమె అటూ ఇటూ చూసింది. ఏ దిక్కు చూసినా ఒకటే తీరు. కుండలోకి ముంచిన చెయ్యి అట్లాగే ఆగిపోయింది.

“జర పక్కకు జరుపు ఫరీదూ. ఆయన నెత్తి మీద కూసున్నమేమో.”

“ఏ పక్కకు అవ్వా?” అన్నాడు ఫరీద్.