చిరుగాలిలో నాలుగు తాళ్ళ పటం

నేను ఒక గాలిపటాన్ని. ఈ మాట వినగానే రంగు కాగితం, వెదురు పుల్ల, మైదా జిగురు గుర్తొస్తే తప్పు మీది కాదు. మా వంశంలో నాది వేరే శాఖ. నాలో పుల్ల లేదు, కాగితం లేదు. పక్కపక్కనే కుట్టిన పల్చటి గుడ్డ సంచుల వరసే నా ఒళ్ళు. వాటిలో గాలి నిండితే పెద్ద మంచమంత అవుతాను. గాలి పోతే భుజాన వేసుకునే సంచీలో ఇమిడిపోతాను. నాకు తాళ్ళు నాలుగు. లావుపాటివి రెండూ నా బరువు మోస్తాయి. సన్నవి రెండూ వెనక అంచుకి కట్టి ఉంటాయి. వాటిని లాగితే ఆగుతాను. బ్రేకులన్నమాట. ఎగరేసే మనిషి చేతుల్లో రెండు పిడులుంటాయి. ఒక్కో పిడికి పైకొసన లావు తాడు, కిందికొసన సన్న తాడు.

ఎక్కడో ఓ రేకుల షెడ్డులో కుట్టుమిషను ముందు కూర్చున్న ఆవిడ నన్ను కుట్టింది. ప్రతి కుట్టూ లాగి చూసి, "ఇంత గట్టి గుడ్డ ఒంటికి కట్టుకోకుండా ఆకాశానికి ఆరేస్తారట" అని పక్కావిడతో నవ్వింది. నేను ఎగరడం ఆవిడ చూడనేలేదు. పుట్టించినవాళ్ళకి ఆ భాగ్యం తక్కువ.

అక్కడినుంచి కాకినాడలో శామ్యూల్ చేతికొచ్చాను. రేవులో క్రేన్లు బాగుచేసే మెకానిక్కు. మంచి కండబలం. అతనికి గాలంటే కుస్తీ. హోరుగాలి వీస్తే చాలు, నన్ను సముద్రపు ఒడ్డుకి తీసుకెళ్ళి ఎగరేసేవాడు. నేను లాగితే మడమలు ఇసుకలో దిగేసి నా వెనకే ఈడ్చుకుంటూ వచ్చేవాడు. చొక్కా నిండా ఇసుక, నోటి నిండా నవ్వు. గాలి మందగిస్తే మాత్రం, "ఇది గాలా, విసనకర్రా?" అని నన్ను మడిచేసేవాడు.

అతని భార్య ఉదయశ్రీ. ఆమె తండ్రి లోవరాజు గారు బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. కూతురు తనకి నచ్చినవాణ్ణి చేసుకుందని ఆయనకి కోపం. అల్లుడు ఇంటికొస్తే తలుపు తీస్తాడు, కుర్చీ చూపిస్తాడు, మాట మాత్రం కూతురి మీదుగానే వెళ్తుంది.

"ఉదయా, మీ ఆయన్ని కాఫీ తాగమను."

శామ్యూల్ తక్కువవాడు కాదు. "ఉదయా, తాగానని చెప్పు" అనేవాడు.

ఇద్దరి మధ్యా రెండు మూరల దూరం. ఉదయ గొంతు మాత్రం అరిగిపోయేది.

ఒక ఆదివారం సాయంత్రం ఉదయ అందరినీ బలవంతాన బీచికి లాక్కొచ్చింది. ఆ రోజు గాలి అంతంతమాత్రం. శామ్యూల్ పరిగెత్తాడు, గుంజాడు, తిట్టాడు. నేను రెండు నిలువులు లేచి, వాలిపోయి ఇసుక కరిచాను. ఒడ్డున కూర్చున్న లోవరాజు గారికి నవ్వాగలేదు.

"ఉదయా, నవ్వినాయన్ని ఓసారి ఎగరెయ్యమను" అన్నాడు శామ్యూల్.

ఆయన లేచి పంచె ఎగగట్టాడు. భార్య రాఘవమ్మ గారు నన్ను రెండు చేతులా పైకెత్తి పట్టుకుని వదిలారు. లేచాను. అంతలోనే ఆయన పిడుల కిందికొసలు బిగబట్టేశాడు. ఏళ్ళ తరబడి గుంట కనిపిస్తే బ్రేకు మీద కాలేసిన మనిషి మరి! నేను ఆకాశంలో వెనక్కి జారుకుంటూ వచ్చి వెనక అంచు మీద కూలబడ్డాను.

"ఉదయా, మీ నాన్నగారిని బ్రేకు వదలమను. గాలి తక్కువున్నప్పుడు కింది తాళ్ళు వదులుగా ఉండాలి. పటం పడిపోతుంటే వెనక్కి నడవమను. మన నడకే దానికి గాలి."

"ఇనబడిందిలే" అన్నాడాయన. ఆ సంగతి కూడా కూతురికే చెప్పాడు.

రెండోసారి బ్రేకు వదిలాడు. తాళ్ళు సడలిపోతున్నాయనగానే రెండడుగులు వెనక్కి వేశాడు. ఊపిరి అందినట్టయి నేను పైకి పాకాను. బస్సు నాడిని స్టీరింగులో పట్టిన వేళ్ళవి. నేను వాలదామనుకునే లోపే వాటికి తెలిసిపోయేది. శామ్యూల్ చేతుల్లో నేను గుర్రాన్ని. ఆయన చేతుల్లో పాలు తాగి నిద్రపోయే దూడని.

ఆ తర్వాత నుంచి చిరుగాలి రోజులన్నీ ఆయనవే.

కానీ ఒక విషయం నాకు పైనుంచి కనిపించేది. నేను కుడివైపు ఉంటే ఆయన ముఖం ఎడమవైపు ఉండేది. నేను నడినెత్తికి వస్తే ఆయన సముద్రం కేసి చూసేవాడు. ఆమధ్య కంటి ఆపరేషన్ అయ్యాక చూపు అద్దంలా ఉందని ఇంట్లో అందరికీ చెప్పుకున్నాడు, తీరా చూస్తే నేను ఆయనకి కనిపించడమే లేదు! చేతులతోనే ఎగరేస్తున్నాడు. నాకు నోరు లేదు. ఉన్నా చెప్పేదాన్నో లేదో.

ఓ సాయంత్రం రాఘవమ్మ గారు సంబరంగా కబురు తెచ్చారు. "మీ మావగారు సోమవారం నుంచి బడి వ్యాను తోలతారండి అల్లుడుగారూ. ఇంట్లో కూకుంటే తోచట్లేదంట."

"కంటి పరీక్షలూ అయ్యీ అయిపోయినియ్యా?" అంది ఉదయ.

"నాకు పరీక్షేంటే? ఆ వ్యానాయన నా దగ్గర క్లీనరుగా చేసినోడే" అని ఆయన పిడులందుకున్నాడు. తల్లీకూతుళ్ళు మొక్కజొన్న పొత్తుల బండి వైపు వెళ్ళారు.

నేను కుడివైపు తేలుతున్నాను. శామ్యూల్ నన్ను చూశాడు, మావగారి ముఖం చూశాడు, మళ్ళీ నన్ను చూశాడు. చప్పుడు చెయ్యకుండా వెళ్ళి ఆయనకి ఎదురుగా, కాస్త దూరంలో నిలబడి చెయ్యి ఊపాడు. ఆయన ముఖంలో చలనం లేదు. రెండు చేతులూ ఊపాడు. లేదు. తిరిగొచ్చి పక్కన నిలబడ్డాడు.

"మావయ్యగారూ."

మధ్యలో ఉదయ లేకుండా అతను పలికిన మొదటి మాట అదే. తాళ్ళు చిన్నగా వణికాయి.

"పటం ఎటు ఉందండీ?"

గాలి చచ్చుబడింది. నేను దిగజారుతుంటే ఆయన ఒకడుగు వెనక్కి వేశాడు, ఇంకోటి వేశాడు. నన్ను పడనివ్వలేదు.

"ఎప్పటినుంచి తెలుసు నీకు?" అన్నాడు చివరికి.

"ఇప్పుడేనండి."

"రోడ్డు తెలుసు నాకు. గుంటలన్నీ తెలుసు. కళ్ళు మూసుకుని తోలతాను."

"మీరు తోలగలరండి. రోడ్డుకి అడ్డం పరిగెత్తే పిల్లాడికి ఆ సంగతి తెలీదు గదండీ."

"అలా కూకుంటే పిచ్చెక్కుతుందిరా. బండి దిగినోణ్ణి ఎవడూ పలకరించడు. మీ అత్తయ్యకి చెప్పేస్తావా?"

"చెప్పనండి. మీరే చెప్పాలి. మీరు చెప్పేదాకా పక్కనే ఉంటాను."

నేను ఇసుక మీద మెత్తగా వాలాను. ఆడవాళ్ళు పొత్తులు కొరుక్కుంటూ వచ్చారు. లోవరాజు గారు పిడులు కింద పెట్టి, చేతులు పంచెకి తుడుచుకుని, ఒక్క గుక్కలో చెప్పేశాడు. బండిలో హారను నొక్కినట్టు చెప్పాడు, గట్టిగా, ఎవరి ముఖమూ చూడకుండా. ఉదయ ఏడ్చింది. రాఘవమ్మ గారు ఏడవలేదు.

"అందుకేనా నెలనుంచి చారులో ఉప్పుకి బదులు పంచదారేసి నామీదకి తోసేత్తన్నారు?" అన్నారు. కాసేపటికి ఆయన చెయ్యి పట్టుకుని వదల్లేదు.

సోమవారం ఆయన వ్యానెక్కలేదు. మావా అల్లుళ్ళు కలిసి కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళారు. ఒక కన్ను మందులతో కొంచెం మెరుగవుతుందన్నాడు డాక్టరు, రెండోది ఇక అంతేనన్నాడు. స్టీరింగు కల చెదిరిపోయింది. ఆ వారమంతా ఆయన గుమ్మం దాటలేదు. ఆదివారం శామ్యూల్ వచ్చి, "గాలి లేదండి మావయ్యగారూ, నావల్ల కావట్లేదు, రండి" అన్నాడు. నిజానికి ఆ రోజు గాలి బాగానే ఉంది. మనుషులు అప్పుడప్పుడు చక్కగా అబద్ధమాడతారు.

ఇప్పుడు బీచిలో నాలాంటి పటాలు తెచ్చుకునే కుర్రకారు పెరిగారు. గాలి పడిపోతే వాళ్ళంతా ఆయన చుట్టూ చేరతారు. "బ్రేకు వదలండ్రా! వెనక్కి నడవండ్రా!" అని కేకలేస్తాడాయన. ఆ గొంతు సముద్రానికి కూడా వినిపిస్తుంది. అల్లుడు పక్కన నిలబడి, పటం ఎక్కడుందో ఒక్కోమాటగా అందిస్తుంటాడు.

నాకూ వయసొచ్చింది. ఉప్పుకి, ఎండకి గుడ్డ పల్చబడింది. ఒక రెక్కకి పాత గొడుగు గుడ్డ మాసిక పడింది. నాలో గాలి నిలవట్లేదు. ఇంకెన్ని సాయంత్రాలుంటానో తెలీదు. దిగులు లేదు.

మొన్న రాఘవమ్మ గారు నన్ను ఎత్తి పట్టుకోవడానికి వచ్చి, ఎందుకో ఆగి, "ఇన్నాళ్ళూ ఎత్తడమే నా పనా? ఇలా ఇవ్వండి" అని పిడులు లాక్కున్నారు. మగాళ్ళిద్దరూ చెరో రెక్కా పట్టి నన్ను వదిలారు. ఆవిడ కొంగు నడుంకి దోపుకుని, నవ్వుతూ, వెనక్కి వెనక్కి నడిచారు. లేచాను, మాసికతో సహా. లోవరాజు గారు భార్య పక్కకి పరిగెత్తి, ఆకాశం కేసి తలెత్తి, బీచి అంతా వినేలా అడిగాడు.

"ఎక్కడుందే?"

"నెత్తిమీదే ఉంది" అన్నారావిడ. "మీరు కాసేపు నోరు మూసుకుంటే ఇంకా పైకెళ్తది."